లినక్స్ మింట్‌లో రైట్ ఆల్ట్ పాడుచేసుకున్నాను, రూపాయి గుర్తు ఎలా కొట్టాలి?

పర్లాకిమిడి డీటీపీ:
అన్నలూ, మాది పర్లాకిమిడిలో చిన్న జిరాక్స్, డీటీపీ కొట్టు. పాత కంప్యూటర్ విండోస్ మోయలేక మూలుగుతుంటే పోయిన వారం లినక్స్ మింట్ వేశాను, సినమన్ డెస్క్‌టాప్. స్పీడు బాగుంది, చిక్కంతా కీబోర్డుతోనే. విండోస్‌లో రైట్ ఆల్ట్ పట్టుకుని 4 నొక్కితే ₹ పడేది, ఇక్కడ పడలేదు. ఏదో వీడియో చూసి రైట్ ఆల్ట్‌ని కంపోజ్ కీ చేశాను, దాంతో తెలుగు లేఅవుట్‌లో రైట్ ఆల్ట్‌తో పడేవి కూడా పోయాయి. పైగా పెళ్లికార్డుల గొడవొకటి. నిన్న ప్రూఫ్‌లో 'సాఫ్ట్‌వేర్ ఇంజనీర్' కాస్తా 'సాఫ్ట్వేర్' అయి కూర్చుంది, వత్తు కింద వత్తు. పెళ్లికొడుకు నాన్నగారు కళ్లజోడు ఎత్తి చూసి "మావాడి ఉద్యోగం ఇలా నలిగిపోయిందేంటి బాబూ" అన్నారు. ఒడియా కార్డుల్లోనూ ఇదే బాధ.

రాయగడ టైపిస్టు:
తమ్ముడూ, ఒకే కీకి రెండు పనులు ఇచ్చావు. రైట్ ఆల్ట్ అంటే పట్టుకుని ఉంచి ఇంకో కీ నొక్కేది, కీ మీద దాగున్న మూడో అక్షరం దాంతోనే వస్తుంది. కంపోజ్ అలా కాదు, నొక్కి వదిలేసి తర్వాత రెండు కీలు ఒకదాని వెంట ఒకటి కొట్టాలి. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్స్‌కి వెళ్లి ఆప్షన్స్ నొక్కు, అక్కడ కంపోజ్ కింద రైట్ ఆల్ట్ టిక్కు తీసేసి మెనూ కీకి ఇవ్వు. ఆ తర్వాత ఇంగ్లీష్ యూఎస్ లేఅవుట్ తీసేసి 'ఇంగ్లీష్ ఇండియా, విత్ రుపీ' పెట్టుకో, యూఎస్ దాంట్లో రైట్ ఆల్ట్ మామూలు ఆల్టే, అందుకే నీకు ఏమీ పడలేదు. ఇందులో రైట్ ఆల్ట్, 4 కొడితే ₹ వస్తుంది. కంపోజ్ కొట్టి పెద్ద ఆర్, సమానం గుర్తు కొట్టినా వస్తుంది. కంపోజ్ తర్వాత చిన్న ఓ రెండుసార్లు కొడితే °, 1 2 కొడితే ½. మా కొట్లో ½ కిలో రేట్ల బోర్డులకి రోజూ ఇదే పని.

సిరొంచ నుంచి:
వత్తు గొడవకి కావాల్సింది నాన్ జాయినర్, కంటికి కనపడదు కానీ పొల్లు తర్వాత అది పడితే పక్క అక్షరం కిందికి దిగదు. అదే ఆప్షన్స్‌లో నాన్ బ్రేకింగ్ స్పేస్ అనే వరసలో, రెండో లెవెల్‌లో జీరో విడ్త్ నాన్ జాయినర్ అని ఉంటుంది, అది టిక్కు పెడితే షిఫ్ట్ స్పేస్ కొట్టగానే పడుతుంది. ఒక్కటే జాగ్రత్త, మనకి షిఫ్ట్ మీద వేలు ఉండగానే స్పేస్ కొట్టే అలవాటు, అలా కొడితే రెండు మాటల మధ్య ఖాళీ రాదు, రెండూ అతుక్కుపోతాయి. నేను మొదటి రెండు రోజులూ చాలా తిట్టుకున్నాను.

పర్లాకిమిడి డీటీపీ:
రెండూ పనిచేశాయి అన్నా. నా కీబోర్డుకి మెనూ కీ లేదు, అందుకని కంపోజ్‌ని స్క్రోల్ లాక్‌కి ఇచ్చా, ఎలాగూ దాన్ని పుట్టాక ఎవరూ ముట్టుకోలేదు. కానీ ఒక తెలుగు ఫాంట్‌లో మాత్రం ₹ బదులు డబ్బా పడుతోంది.

రాయగడ టైపిస్టు:
అది కీబోర్డు తప్పు కాదు, ఫాంట్ పాతది. ఆ గుర్తు ఖాయమైందే 2010 జూలైలో, అంతకుముందు చేసిన ఫాంట్లకి దాని సంగతే తెలీదు. ఆ ఒక్క అక్షరానికి వేరే ఫాంట్ పెట్టేయ్.