అండమాన్ ఆరు రోజులు: గంటగంటకీ ప్లాన్ వేసుకోవాలా, రెండు రోజులు ఖాళీగా వదలాలా?

కొంకాపల్లి కోడలు

సంక్రాంతి అయ్యాక, ముక్కనుమ మర్నాడు బయల్దేరి అండమాన్ వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, పిల్లలిద్దరు (పెద్దాడికి 14, చిన్నదానికి 9), అత్తయ్యగారు, మామయ్యగారు. మామయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ట్రావెల్స్ అతను ఇచ్చిన ప్లాన్ ఇదీ:

మొదటి రోజు దిగగానే సెల్యులర్ జైలు, రాత్రికి అక్కడే లైట్ అండ్ సౌండ్ షో. రెండో రోజు తెల్లవారుజామున మూడింటికి లేచి బారాటాంగ్ సున్నపురాయి గుహలు. మూడో రోజు పడవలో హావ్‌లాక్, మధ్యాహ్నం కాలాపత్థర్ బీచ్, ఐదున్నరకి రాధానగర్‌లో సూర్యాస్తమయం. నాలుగో రోజు ఎలిఫెంట్ బీచ్, భోజనాలయ్యాక నీల్‌కి పడవ. ఐదో రోజు నీల్ మొత్తం చుట్టేసి సాయంత్రానికి పోర్ట్ బ్లెయిర్. ఆరో రోజు పొద్దున రాస్ దీవి, నార్త్ బేలో స్కూబా (గాలి సిలిండర్ కట్టుకుని నీళ్లలో మునగడం), మధ్యాహ్నం విమానం.

కాగితం చదువుతుంటేనే నాకు ఆయాసం వచ్చింది. మావారేమో ఇంత డబ్బు పోసి వెళ్తూ ఒక్కటి వదిలినా నష్టమే అంటారు. నేను రెండు రోజులు ఖాళీగా ఉంచి, అక్కడి గాలివాటం చూసుకుని తిరుగుదామంటాను. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, ఎవరిది రైటు?

రాజోలు రామచిలక

మీవారిదే రైటు. నేను "అక్కడికెళ్లి చూసుకుందాంలే" అనుకుని దెబ్బతిన్నదాన్ని. డిసెంబరు ఆఖర్లో వెళ్లాం. హావ్‌లాక్‌లో దిగాక నీల్ టికెట్లు అడిగితే ప్రైవేటు పడవల్లో రెండు రోజుల దాకా సీట్లు లేవు. మర్నాడు చీకటితో లేచి కౌంటర్ దగ్గర నిలబడితే, మా ముందు ఇంకా పదిమంది ఉండగానే టికెట్లు అయిపోయాయి. నీల్ చూడకుండానే తిరిగొచ్చాం. ఇది సఖినేటిపల్లి రేవు కాదండి, ఈ పంటు పోతే ఇంకో పంటు వస్తుందిలే అని గట్టు మీద టీ తాగుతూ కూర్చోడానికి.

ఓడలరేవు

పోర్ట్ బ్లెయిర్‌లో మూడేళ్లు ఉద్యోగం చేశాను. (2024 నుంచి ఊరి పేరు శ్రీ విజయపురం. హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్, రాస్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. టికెట్ల మీద కొత్త పేర్లు చూసి కంగారు పడకండి.)

ప్లానా, ఖాళీయా అన్నది తర్వాత తేల్చుకోండి. ముందు ఆ ఆరో రోజు కొట్టేయండి. పొద్దున స్కూబా చేసి మధ్యాహ్నం విమానం ఎక్కకూడదు. నీళ్లలో పది మీటర్లు దిగేసరికి ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. సిలిండర్‌లోంచి పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఆ ఒత్తిడికి రక్తంలో, కండరాల్లో కరిగిపోతుంది. పైకొచ్చాక అది మెల్లగా, గంటల తరబడి బయటికి పోవాలి. ఈలోపు విమానం ఎక్కితే లోపల గాలి ఒత్తిడి నేల మీదకన్నా తక్కువ కదా, గోలీసోడా కొట్టినట్టే. గ్యాసు ఒంట్లోనే బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పులతో పోవచ్చు, పక్షవాతం దాకానూ పోవచ్చు. ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు మునిగితే 18 గంటలు ఆగి విమానం ఎక్కాలన్నది డైవింగ్ చేసేవాళ్ల లెక్క. నేర్పేవాళ్లు చాలామంది 24 గంటలు ఆగమంటారు. స్కూబాని హావ్‌లాక్ రోజుకి మార్చుకోండి. ఆస్తమా, గుండె జబ్బు ఉంటే అసలు దిగొద్దు. ముందు ఒక ఫారం నింపమంటారు, అందులో అబద్ధం రాయకండి. ఈత రాకపోయినా పర్లేదు, శిక్షకుడు పట్టుకునే ఉంటాడు.

రెండో తప్పు, ఐదున్నరకి సూర్యాస్తమయం. అండమాన్ మనకి తూర్పున ఎక్కడో ఉంది, గడియారం మాత్రం మనదే. జనవరి మధ్యలో ఐదుంపావు దాటకుండానే సూర్యుడు మునిగిపోతాడు. మీ ప్లాన్ ప్రకారం వెళ్తే రాధానగర్‌లో చీకటి చూసి రావాలి. నాలుగింటికల్లా ఇసుక మీద ఉండండి. పొద్దున్నే వెలుగు తొందరగా వస్తుంది కాబట్టి అక్కడి రోజు మన రోజుకన్నా ముందు మొదలై ముందే ముగుస్తుంది. ఆ దీవుల్లో సాయంత్రం ఆరు తర్వాత భోంచేసి పడుకోవడమే పని.

ఎర్రవంతెన

కోడలుగారు చెప్పిన "మావారు" నేనే. నాకు తెలియకుండా మా ఇంటి పంచాయతీ ఇక్కడ పెట్టేసింది.

స్కూబా సంగతి తెలియదు, ఓడలరేవుగారికి థాంక్స్, ట్రావెల్స్ వాడికి ఇప్పుడే ఫోన్ చేశాను. "అందరూ అలాగే చేస్తారు సార్" అన్నాడు. సరే, అది మార్పిస్తాను. కానీ ఖాళీ రోజు మాటకి మాత్రం ఒప్పుకోను. హోటల్లో కూర్చుని సముద్రం చూడ్డానికైతే ఎస్. యానాం బీచ్‌కి వెళ్తే సరిపోతుంది, వంద రూపాయల పెట్రోలు.

కొబ్బరాకు

నా ప్రశ్న కూడా అదే. మన కోనసీమకి అటు గౌతమి, ఇటు వశిష్ఠ, కింద సముద్రం. మనమే దీవిలో ఉన్నాం. దీవి చూడ్డానికి విమానమెక్కి ఇంకో దీవికి పోవడమేమిటండీ? దిండిలో హౌస్‌బోటు ఉంది, అంతర్వేదిలో సంగమం ఉంది, కొబ్బరిచెట్లు అండమాన్ వాడికన్నా మనకే ఎక్కువ.

ముమ్మిడివరం మాస్టారు

కొబ్బరాకు, మీ ఊరి మీద అభిమానం బాగుంది గానీ, అంతర్వేది దగ్గర నీళ్లలో నడుము లోతు దిగి మీ కాళ్లు మీకు కనిపిస్తాయేమో ఒకసారి చూసి రండి.

మన సముద్రం మట్టిరంగులో ఉండటానికి కారణం గోదావరి. ఎక్కడో నాసిక్ దగ్గర పుట్టిన నది దారి పొడుగునా కోసుకొచ్చిన ఒండ్రునంతా ఇక్కడే దించుతుంది. ఆ ఒండ్రే మన పొలం, మన లంకలు, మన కొబ్బరితోట. పగడాలకి మాత్రం అదే విషం. పగడం పురుగు ఒంట్లో ఒక రకం నాచు కాపురముంటుంది, ఆ నాచుకి ఎండ తగలాలి. బురదనీళ్లలో ఎండ దిగదు, పైగా మంచినీళ్లు కలిస్తే పగడం బతకదు. అండమాన్‌లో పెద్ద నదులు లేవు. అందుకే నీళ్లు అద్దంలా ఉంటాయి, పగడాలు పెరుగుతాయి. మనకి వరి పండించిన బురదే మనకి పగడాల్లేకుండా చేసింది. కాబట్టి పిల్లలు అక్కడికెళ్లి నీళ్లలో తల ముంచి చూడాల్సిందే. కొబ్బరిచెట్టు కోసమైతే వెళ్లక్కర్లేదు, ఒప్పుకుంటాను.

కొంకాపల్లి కోడలు

మాస్టారూ, మీ పోస్టు మామయ్యగారికి చదివి వినిపించాను. ఆయన లంకలో పుట్టి పెరిగిన మనిషి. అంతా విని ఒక్కటే అడిగారు: "అక్కడ పోటు ఎన్నింటికి, పాటు ఎన్నింటికి? అది చూడకుండా సముద్రానికి టైం ఎలా వేశారమ్మా?" నీళ్లు ఎప్పుడు ఎక్కుతాయో, ఎప్పుడు తీస్తాయో, ట్రావెల్స్ కాగితంలో ఆ ముక్కే లేదు.

ముమ్మిడివరం మాస్టారు

మీ మామగారికి నమస్కారం చెప్పండి. ఈ చర్చలో అసలు ప్రశ్న అడిగింది ఆయనే.

నీల్‌లో లక్ష్మణ్‌పూర్ దగ్గర సముద్రం తొలిచిన రాతి వంతెన ఉంది. పాటు తీసినప్పుడే దాని దగ్గరికి నడిచి వెళ్లగలరు, రాళ్ల మధ్య గుంటల్లో మిగిలిన నీళ్లలో చేపలూ పీతలూ కనిపిస్తాయి. పోటు మీద వెళ్తే దూరం నుంచి ఫోటో తీసుకుని రావాలి. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, అవి మర్నాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు బాగా లోపలికి తీస్తాయి, అష్టమి చుట్టుపక్కల అంత తేడా ఉండదు. ఇదంతా మన మొగల్లో, అంటే నది సముద్రంలో కలిసేచోట, వలేసే ప్రతివాడికీ తెలుసు. మీ ప్లాన్‌లో "ఐదో రోజు పదింటికి రాతి వంతెన" అని ఉంటే, ఆ పది ఎవరిదో అడగండి. డ్రైవరుదా, సముద్రానిదా?

ఇంకోటి. హావ్‌లాక్‌లో రాత్రిపూట కొన్నిచోట్ల తెడ్డు వేస్తే నీళ్లు నీలంగా మెరుస్తాయి, కంటికి కనిపించనంత చిన్న జీవుల వెలుగది. వెన్నెల ఉంటే ఆ మెరుపు కనపడదు. అమావాస్య దగ్గర పడితే చీకటీ కలిసొస్తుంది, పాటూ కలిసొస్తుంది. తేదీలు పెట్టుకునే ముందు పంచాంగం తిరగేయండి. శకునాల కోసం కాదు, దీనికోసం.

రాజోలు రామచిలక

చూశారా, మాస్టారు చెప్పినదాని ప్రకారం ప్లాన్ ఇంకా గట్టిగా వేసుకోవాలి! ఖాళీగా వెళ్తే ఇవన్నీ ఎవరు చూస్తారు?

ఓడలరేవు

రామచిలకగారూ, అక్కడే తేడా. పడవ టికెట్లు, గదులు, స్కూబా ముందే బుక్ చేసుకోవాలి, అందులో మీ మాటే నా మాట. కానీ ఏ బీచ్‌కి ఏ గంటకి అన్నది అక్కడ పొద్దున లేచాక తేలాలి. ఎలిఫెంట్ బీచ్‌కి ఎక్కువగా చిన్న పడవలోనే వెళ్తారు. గాలి పెరిగితే ఆపేస్తారు. ఆ రోజు మధ్యాహ్నమే నీల్ పడవ పెట్టుకుంటే ఎలిఫెంట్ బీచ్ పోయినట్టే. అదే హావ్‌లాక్‌లో ఇంకో రాత్రి ఉంటే మర్నాడు వెళ్తారు. ఖాళీ రోజంటే హోటల్లో దుప్పటి కప్పుకోవడం కాదు, పాడైనదాన్ని సరిచేసుకునే రోజు. అది తిరుగు ప్రయాణానికి ముందు ఉండాలి. పడవలు రద్దయ్యి దీవిలో చిక్కుకుని విమానం పోగొట్టుకున్నవాళ్లని నేను ఎయిర్‌పోర్టులోనే చూశాను.

మలికిపురం మధ్యతరగతి

మధ్యలో నాదొక ప్రశ్న. మాకు మే నెలాఖరుకి సగం ధరకే ప్యాకేజీ వస్తోంది. వెళ్లొచ్చా?

ఓడలరేవు

నైరుతి రుతుపవనాలు కేరళకన్నా ముందు అండమాన్‌కే వస్తాయండి, మామూలుగా మే మూడో వారంలో. సగం ధర అందుకే. పోనీ నవంబరా అంటే, అది బంగాళాఖాతంలో తుపాన్ల నెల. 1996 నవంబరు 6 చూసిన కోనసీమ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా నయం.

అల్లవరం అక్క

అమ్మాయ్, అందరూ సముద్రం గురించే చెబుతున్నారు, మోకాళ్ల గురించి నేను చెబుతాను. మా నాన్నగారిని తీసుకెళ్లాం. పడవ ఎక్కేచోట జెట్టీకీ పడవకీ మధ్య ఊగే చెక్క మీద అడుగేయాలి, ఇద్దరు పట్టుకోవాలి. రాతి వంతెన దగ్గర రాళ్లు నాచుపట్టి జారతాయి, మీ మామగారిని అక్కడికి తీసుకెళ్లొద్దు. నీల్‌లోనే భరత్‌పూర్ బీచ్‌లో అద్దాల అడుగు పడవ ఉంది, కూర్చునే పగడాలు చూడొచ్చు. మా నాన్నగారు దిగనంటే దిగనన్నారు. పొద్దున ఇడ్లీ రెండే తినిపించండి, వాంతుల మాత్ర పడవ ఎక్కడానికి అరగంట ముందు వేయండి, ఎక్కాక కాదు.

సెల్యులర్ జైలు మాత్రం హడావిడిగా చూడకండి. ఏడు రెక్కల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. 1906కి కట్టడం పూర్తయింది. ఒక గదిలోంచి ఇంకో గదివాడి మొహం కనపడకుండా కట్టారు, ఒక రెక్క ముందువైపు ఎదుటి రెక్క వీపు ఉంటుంది. మా నాన్నగారు ఒక గదిలో కాసేపు ఒంటరిగా నిలబడి, బయటికొచ్చాక గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. విమానం దిగిన అలసటలో చూసే చోటు కాదది.

ఎర్రవంతెన

అక్కా, ఇడ్లీ లెక్క రాసుకున్నాను. అందరి మాటా విని నీల్‌లో ఒక రాత్రి, హావ్‌లాక్‌లో రెండు రాత్రులు అంటే ఒప్పుకుంటాను. కానీ బారాటాంగ్ తీసేయమంటే ఒప్పుకోను. గుహలున్నాయి, మడఅడవుల మధ్య పడవ ప్రయాణం ఉంది. దారిలో జారవా తెగ వాళ్లు కనిపిస్తారట కదా, పిల్లలు అడుగుతున్నారు.

ఓడలరేవు

ఆ ఆఖరి మాటే ఇబ్బందండి. అది వాళ్ల రిజర్వ్ అడవి మధ్యలోంచి పోయే రోడ్డు. ఆ భాగం మూసేయమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది, అయినా వాహనాలు వెళ్తూనే ఉన్నాయి. కాన్వాయ్‌లో వరసగా పోవాలి, ఎక్కడా ఆపకూడదు, ఫోటో తీయకూడదు, తినడానికి ఏమీ ఇవ్వకూడదు. బయటివాళ్ల నుంచి అంటుకునే జబ్బులే వాళ్లకి పెద్ద ప్రమాదం. గుహల కోసమైతే వెళ్లండి, మనుషుల్ని చూడ్డానికైతే వద్దు.

కొబ్బరాకు

ప్రభల తీర్థానికి కారు కిటికీలోంచి ఫోన్లు బయటపెట్టి మన పెద్దాళ్లని వీడియో తీసుకునేవాళ్లని చూస్తే ఎర్రవంతెనకి ఎంత మండుతుందో నాకు తెలుసు, పోయిన కనుమకి పక్కనే ఉన్నాను.

ఎర్రవంతెన

అది వేరు.

కొబ్బరాకు

ఎలా వేరో చెప్పండి.

అల్లవరం అక్క

మడఅడవే చూడాలంటే కోరింగ మన పక్కనే ఉంది బాబూ, మూడింటికి లేవక్కర్లేదు. పైగా బారాటాంగ్‌లో పడవ దిగాక గుహ దాకా కిలోమీటరు పైన నడక. మామగారు ఎక్కడ కూర్చుంటారు?

కొంకాపల్లి కోడలు

నిన్న రాత్రి భోజనాల దగ్గర తేలింది ఇదీ. మొదటి రోజు విశ్రాంతి, సాయంత్రం షో ఒక్కటే. రెండో రోజు పొద్దున జైలు, మధ్యాహ్నం రాస్. మూడు, నాలుగు హావ్‌లాక్. పెద్దాడి స్కూబా నాలుగో రోజు పొద్దున, అదయ్యాక కుదిరితే ఎలిఫెంట్ బీచ్. ఐదో రోజు నీల్, రాత్రి అక్కడే. ఆరో రోజు తీరిగ్గా పోర్ట్ బ్లెయిర్ చేరడం, ఇంకేం పెట్టుకోలేదు. విమానం ఏడో రోజుకి మార్చాం, ఎక్స్‌ట్రా డబ్బు మావారు ఇంకా లెక్కపెడుతున్నారు. బారాటాంగ్ తీసేశారు గానీ, ఎందుకు తీసేశారో మాత్రం ఒప్పుకోవట్లేదు, "నాన్న మోకాళ్ల కోసం" అంటున్నారు.

అత్తయ్యగారు దేవుడి గదిలో పెట్టడానికి నాలుగు గవ్వలు, ఒక పగడం ముక్క ఏరి తెస్తానంటున్నారు. తేవచ్చా?

ఓడలరేవు

పగడం ముక్క చచ్చినదైనా, ఒడ్డున దొరికినదైనా వద్దండి. వన్యప్రాణి చట్టం కింద నేరం, ఎయిర్‌పోర్టులో సంచులు విప్పి మరీ తీస్తారు. గవ్వలు కావాలంటే బిల్లు ఇచ్చే కొట్లో కొని, ఆ బిల్లు పర్సులో పెట్టుకోమనండి.

కొంకాపల్లి కోడలు

చెప్పాను. "బిల్లు ఉన్న గవ్వలు దేవుడికెందుకు, అంతర్వేదిలో ఏరుకుంటాలే" అన్నారు.