లౌడన్ కౌంటీ ప్రీసింక్ట్ ఫలితాలు: 2020 పక్కన 2024 పెడితే లెక్క ఎందుకు తలకిందులవుతోంది?

యాష్‌బర్న్_వాసి
వర్జీనియా ఎన్నికల శాఖ సైటు నుంచి 2020, 2024 అధ్యక్ష ఎన్నికల ఫైళ్లు దించి, మా లౌడన్ కౌంటీలో యాష్‌బర్న్ వైపు ప్రీసింక్టులు (ఒక్కో పోలింగ్ కేంద్రం కిందికి వచ్చే ప్రాంతాలు) నాలుగైదు ఎక్సెల్‌లో పక్కపక్కన పెట్టాను. 2020లో ట్రంప్ గట్టిగా ఉన్న చోటే 2024లో హారిస్ ఎగబాకినట్టుంది. కౌంటీ మొత్తం చూస్తే మాత్రం ట్రంప్ పుంజుకున్నాడు. ఏది నమ్మాలి? పనిలో పని, మన తెలుగువాళ్ల ఓటు ఎటు మళ్లిందో ఈ ఫైళ్లలో తేలుతుందా? వాట్సాప్ గ్రూపులో తలో మాట అంటున్నారు.

లెక్కల_మాస్టారు
కౌంటీ మొత్తమే నమ్మండి. 2020 ఫైలులో అట్టడుగున 'సెంట్రల్ యాబ్సెంటీ' అని ఒక వరస ఉంటుంది. ఆ ఏడాది ముందస్తు ఓట్లు, పోస్టు ఓట్లు అన్నీ ఆ ఒక్క గంపలో పోశారు. ప్రీసింక్టు ఎదురుగా కనిపించేవి పోలింగ్ రోజు ఓట్లే.

అంకెలు ఊహించి చెప్తాను. ఒక ప్రీసింక్టులో 2,400 మంది ఓటేశారనుకోండి. పోలింగ్ రోజు వచ్చినవాళ్లు 600. ట్రంప్‌కి 330, బైడెన్‌కి 255. మిగతా 1,800 ఓట్లు గంపలోకి పోయాయి. కోవిడ్ ఏడాది కదా, డెమోక్రాట్లు ఎక్కువగా ముందే వేసేశారు. అందుకే మీ ఫైలులో ఆ ప్రీసింక్టు ట్రంప్‌ది అన్నట్టు కనిపిస్తుంది. తర్వాత చట్టం మార్చి ముందస్తు ఓట్లను కూడా ఎవరి ప్రీసింక్టుకు వాళ్లకు జమ చేస్తున్నారు. అంటే మీరు సగం పళ్లేన్ని నిండు పళ్లెంతో పోల్చారు.

గంపలోని ఓట్లను నిష్పత్తి ప్రకారం పంచేవాళ్లూ ఉన్నారు గానీ, అది అంచనా మాత్రమే. ప్రీసింక్టు స్థాయిలో 2020ని పక్కన పెట్టేయడమే మంచిది.

రూట్15_పడమర
ఇంకో గొయ్యి ఉంది: హద్దులు. వర్జీనియాలో కౌంటీ ప్రీసింక్టు ఏర్పాటు చేసేటప్పుడు నమోదైన ఓటర్లు 5,000 దాటకూడదు. అధ్యక్ష ఎన్నికలో ఓటేసినవాళ్లు 4,000 దాటితే కౌంటీ దాని హద్దులు మళ్లీ చూడాలి. యాష్‌బర్న్, బ్రాంబుల్‌టన్ లాంటి చోట్ల ఇళ్లు లేచే వేగానికి ఇది మామూలే. పైగా 2020 జనగణన తర్వాత నియోజకవర్గాలే మారాయి. పేరు అదే కదా అని జత చేయకండి, రెండు ఏళ్ల మ్యాపులూ తెరిచి చూడండి.

ఇక కౌంటీ మొత్తం. 1968 నుంచి 2004 దాకా అధ్యక్ష ఎన్నికల్లో ప్రతిసారీ రిపబ్లికన్లదే. 2008లో ఒబామాతో తిరిగింది. 2020లో బైడెన్ 61.5 శాతం, ట్రంప్ 36.5, తేడా 25 పాయింట్లు. 2024లో హారిస్ సుమారు 56, ట్రంప్ 40; తేడా 16కు పడింది. రాష్ట్రంలో తేడా 10 నుంచి 6కు తగ్గితే ఇక్కడ 9 పాయింట్లు తగ్గింది. వార్త అదీ. "లౌడన్ ఎర్రబడింది", అంటే రిపబ్లికన్ల వైపు వెళ్లిపోయింది అనడం మాత్రం తప్పు. శాతాలతో ఆగకుండా ఓట్ల సంఖ్య కూడా తీయండి: హారిస్‌కు తగ్గినవెన్ని, ట్రంప్‌కు పెరిగినవెన్ని. జనం ఇంట్లో కూర్చున్నారా, పార్టీ మారారా అన్నది అక్కడే కొంత తెలుస్తుంది.

2021 గవర్నర్ ఎన్నికలో డెమోక్రాట్ మెకాలిఫ్‌కు ఇక్కడ 11 పాయింట్ల ఆధిక్యమే వచ్చింది, రాష్ట్రం రిపబ్లికన్ యంగ్‌కిన్‌కు పోయింది. దాన్ని 2025 గవర్నర్ ఎన్నికతో పోల్చండి, 2024తో కాదు. బేసి ఏళ్లలో ఓటుకొచ్చే జనం వేరు.

స్టెర్లింగ్_చుట్టుపక్కల
తెలుగు ఓటు ఈ ఫైళ్లలో తేలదండి. వర్జీనియాలో ఓటరు నమోదులో పార్టీ అన్న గడే లేదు. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నిక అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరైనా ఏదో ఒక పార్టీది ఎంచుకుని వేయొచ్చు. సెన్సస్ సర్వేలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ల లెక్క దొరుకుతుంది గానీ, అందులో ఐదేళ్లు నిండిన పిల్లలూ, హెచ్‌1బీ, గ్రీన్‌కార్డు వాళ్లూ అందరూ ఉంటారు. ఓటు పౌరులకే. తెలుగువాళ్లు ఎక్కువున్న ప్రీసింక్టు రిపబ్లికన్ల వైపు జరిగితే జరిగింది మనవాళ్లేనని ఎలా అంటాం? పక్కింటివాళ్లు కావొచ్చు.

2024లో సుహాస్ సుబ్రమణ్యం లౌడన్ ఉన్న పదో డిస్ట్రిక్టు నుంచి కాంగ్రెస్‌కు గెలిచారు, 2025లో హైదరాబాదులో పుట్టిన గజాలా హష్మీ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. వీటినీ "మన ఓటు" ఖాతాలో వేసేస్తుంటారు, ఆధారం ఉండదు.

సూపర్‌వైజర్ (కౌంటీ పాలక మండలి సభ్యుడు), స్కూల్ బోర్డు ఫలితాలతో కూడా జాగ్రత్త. బ్యాలెట్ మీద ఆ అభ్యర్థుల పక్కన పార్టీ పేరు ఉండదు. పోలింగ్ కేంద్రం తలుపుకు 40 అడుగుల అవతల నిలబడి పార్టీలవాళ్లు పంచే నమూనా బ్యాలెట్ చూసి వేసేవాళ్లు వేస్తారు, మిగతావాళ్లు ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. అక్కడి శాతాన్ని అధ్యక్ష ఎన్నిక శాతంతో కలపకండి.

యాష్‌బర్న్_వాసి
ఆ గంప వరస దొరికింది, ఫైలు చివర్న ఉంటే చూసుకోలేదు. మరి యాష్‌బర్న్‌కు, కౌంటీ పడమర ఉన్న పర్సెల్‌విల్‌కు తేడా చూడాలంటే ఏ ఏడాది నుంచి మొదలెట్టాలి?

రూట్15_పడమర
2024 ఒక్కటే తీసుకుని ఆ రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టండి. ఏళ్ల మధ్య మార్పు కావాలంటే 2028 దాకా ఆగాల్సిందే, అప్పటికి మీ ప్రీసింక్టు మళ్లీ రెండు ముక్కలు కాకుండా ఉంటే.