ఒకవైపు 1.2 మీటర్లకే బండ, మరోవైపు 4.8 మీటర్లకు: పునాది ఎలా వేయాలి?

జీ ప్లస్ 2 ఇల్లు. 12 కాలమ్‌లు, వాటి మధ్య దూరం 4 మీటర్లు. మట్టి పరీక్ష కోసం ఐదు చోట్ల బోర్లు వేయించాం. తూర్పు వరుసలో 1.2 మీటర్లకే గడ్డపార ఖంగుమంది. విడి బండరాయేమో అనుకుని ఇంకో 3 మీటర్లు కోర్ (రాతి కడ్డీలాంటి నమూనా) తీసి చూశాం, అసలు బండే. పడమర వరుసలో మాత్రం 4.8 మీటర్ల దాకా పారకు అంటుకుపోయే బంకమట్టి. నీళ్లు 3 మీటర్ల దగ్గర తగిలాయి.

మొదట అన్ని ఫుటింగ్‌లూ (కాలమ్ కింద వేసే కాంక్రీటు పాదాలు) 1.5 మీటర్ల లోతులో పెట్టి లెక్కేశాను. బండ మీదవి 2 మిల్లీమీటర్లు, మట్టి మీదవి 20 దిగుతున్నాయి. పక్కపక్క కాలమ్‌ల మధ్య 18 మిల్లీమీటర్ల తేడా అంటే, వాటి మధ్య ఉన్న 4 మీటర్ల దూరంలో దాదాపు 1/220 వంతు. నేను పెట్టుకున్న హద్దు 1/500. ప్లింత్ బీమ్ (నేల మట్టంలో కాలమ్‌లను కలిపే దూలం) లోతు పెంచితే బీమ్‌లో మూమెంట్ (వంచే బలం) ఇంకా పెరిగింది తప్ప లాభం లేదు. రాఫ్ట్ (ఇల్లంతటి కిందా ఒకే కాంక్రీటు పలక) వేస్తే బండ అంచు దగ్గరే విరిగేలా ఉంది, కావాల్సినంత స్టీలు అందులో పట్టడం లేదు. పడమర ఫుటింగ్‌లను బండ దాకా దించుదామని ఒక గుంత తవ్విస్తే, నీళ్లు ఊరి రాత్రికి రాత్రే పక్కలు జారిపోయాయి. అక్కడితో ఆపేశాం.

ఇప్పుడు మిగిలిన ఆలోచన: తూర్పున బండ మీద ఫుటింగ్‌లు, పడమర బండలోకి దిగే బోర్డ్ పైల్స్ (రంధ్రం తొలిచి అందులో కాంక్రీటు పోసే స్తంభాలు). రెండూ బండ మీదే ఆనుతాయి కాబట్టి ప్లింత్ బీమ్‌తో కలిపేస్తే సరిపోతుందా, లేక మధ్యలో జాయింట్ ఇచ్చి భవనాన్ని రెండుగా విడదీయాల్సిందేనా?