వాతావరణ మార్పు విశ్వాసికి న్యాయ సమస్య ఎలా అవుతుంది?

ప్రశ్న:
వాతావరణ మార్పు గురించి సంఘంలో చర్చిద్దామని నేను అన్నప్పుడు, అది శాస్త్రజ్ఞులు, ప్రభుత్వాలు చూసుకోవలసిన విషయమని, మన పని సువార్త చెప్పడమేనని పెద్దలు అన్నారు. దీనిని పేదలకు జరుగుతున్న అన్యాయంగా చూపడానికి వాక్యాధారం ఉందా?

జవాబు 1:
ఆదికాండము 2:15 ప్రకారం దేవుడు నరుని తోటలో ఉంచినది దానిని సేద్యపరచుటకు, కాచుటకు; మనకేమో భూమిని ఏలుమని దేవుడన్న మాట గుర్తున్నంతగా దానిని కాయమన్న మాట గుర్తుండదు. ఇక న్యాయం సంగతికి వస్తే, బొగ్గు, చమురు మండించి సంపన్నమైన దేశాల ఉద్గారాల వల్ల సముద్రమట్టం పెరుగుతుండగా, ఆ ఉద్గారాలలో దాదాపు ఏ పాలూ లేని పసిఫిక్ మహాసముద్రంలోని తువాలు, కిరిబాటి వంటి పగడపు దీవుల ప్రజలు తమ నేలకు, మంచినీటికి ముప్పును ఎదుర్కొంటున్నారు. వారిలో అత్యధికులు మన సహవిశ్వాసులే.

జవాబు 2:
చివరి మాటతో నాకు పేచీ ఉంది. యేసు చెప్పిన ఉపమానంలో, దారిలో దెబ్బతిన్నవాడిని ఆదుకున్న మంచి సమరయుడు అతని మతమేమిటని అడగలేదు కదా!

జవాబు 3:
పెద్దలకు ఒక సంగతి చెప్పండి: శిలాజ ఇంధనాలలో పెట్టుబడి పెట్టరాదని ప్రపంచ చర్చిల మండలి 2014లోనే నిర్ణయించింది, భూమి మొర, పేదల మొర వేర్వేరు కావని 2015లో పోప్ ఫ్రాన్సిస్ తన విశ్వలేఖలో (సంఘమంతటికీ రాసిన లేఖలో) రాశారు.