టీవీ షూటింగూ, భీమిలి ఇంటి పనీ ఒకే వారంలో పడ్డాయి, ఎలా సర్దుకోవాలి?

అడిగినవారు: సాగర్‌నగర్, విశాఖ

నమస్కారమండీ. నేనూ మా ఆడపడుచూ కలిసి తొమ్మిదేళ్లుగా ఇళ్లకు ఇంటీరియర్ పని చేస్తున్నాం. కొలతలు, వడ్రంగులు, లెక్కలు నేను చూసుకుంటాను. రంగులు, బట్టలు, ఇంటివాళ్లతో మాటలు తను చూసుకుంటుంది. ఇంత టెన్షన్ ఎప్పుడూ పడలేదు.

భీమిలిలో ఒక సెలవుల ఇల్లు చేస్తున్నాం. రెండు బెడ్‌రూములు, సముద్రం వైపు పెద్ద వరండా. ఇంటివాళ్లు న్యూజెర్సీలో ఉంటారు. ఏడాదికోసారి వచ్చి నెల రోజులుండి వెళ్తారు, మిగతా రోజులన్నీ తాళమే. 12వ తేదీ తెల్లవారుజామున పాలు పొంగిస్తారు. వాళ్లమ్మగారికి 78 ఏళ్లు, పుట్టింది భీమిలిలోనే. ఇల్లు కట్టించింది ఆవిడ కోసమే.

ఇంతలో హైదరాబాద్ నుంచి ఒక టీవీ ఛానెల్ వాళ్లు ఫోన్ చేశారు. ఆడవాళ్ల కార్యక్రమంలో అరగంట, మన చేతివృత్తులతో ఇంటి అలంకరణ మీద. షూటింగ్ 10న. ఆ ఫోన్ పెట్టేశాక మా ఆడపడుచు నన్ను పట్టుకుని ఏడ్చేసింది. ఇన్నేళ్లలో మా పనిని ఎవరైనా పిలిచి చూపించమనడం ఇదే మొదటిసారి.

చిక్కు ఏంటంటే, స్టూడియోలో ఒక మూల మేమే అలంకరించాలట. దానికి పనికొచ్చే సరుకు మా దగ్గర ఉన్నదల్లా భీమిలి ఇంటికి చేయించిందే. టేకు ఉయ్యాలబల్ల, దాని ఇత్తడి గొలుసులు, ఏటికొప్పాకలో చేయించిన 46 సొరుగు పిడులు. "రెండ్రోజులు వ్యాన్‌లో తీసుకెళ్లి తెచ్చేద్దాం వదినా, వాళ్లకి తెలియక్కర్లేదు" అంటోంది తను. నాకు మనసొప్పడం లేదు.

పైగా పని మిగిలి ఉంది. అల్మరా తలుపులకు స్టెయిన్‌లెస్ అని కొన్న మడతబందులు మూడు వారాలకే టీ మరకలా గోధుమరంగు తేలాయి. వేలితో రుద్దితే పొడి అంటుకుంటోంది. అన్నీ మార్చాలి. షూటింగ్ తేదీ మార్చమని అడిగితే అవకాశం పోతుందా? తనొక్కతే వెళ్తే బాగుంటుందా? ఇలాంటిది ఎదురైనవాళ్లు చెప్పండి.

జవాబు: కాకినాడ, 31 ఏళ్లుగా ఇదే పని

అమ్మా, ఉయ్యాలబల్ల కదపొద్దు. నీ మనసు చెప్పేదే సరైనది. చాలా ఏళ్ల క్రితం నేనూ ఒక ఇంటివాళ్ల పేము కుర్చీలు ఫొటోల కోసమని అడక్కుండా పట్టుకెళ్లాను. లైటు స్టాండు తగిలి ఒక చేతి మీద గీత పడింది. పాలిష్ పెట్టి ఇచ్చేశాను, వాళ్లు గమనించలేదు. ఇప్పటికీ ఆ ఇంటికి వెళ్తే ముందు నా కళ్లు ఆ గీత మీదకే పోతాయి. వాళ్ల డబ్బుతో చేసిన వస్తువు మొదట వాళ్ల ఇంట్లో దిగాలి.

మడతబందులు 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువి తెప్పించు. మామూలుగా దొరికే 304 ఊళ్లో అయితే బాగానే ఉంటుంది, సముద్రపు ఉప్పుగాలికి మరక తేలుతుంది. 316లో మాలిబ్డినం అనే లోహం కలుస్తుంది కాబట్టి ఉప్పుకు బాగా ఓర్చుకుంటుంది. అయస్కాంతం పెట్టి చూస్తే ఈ రెండిటికీ తేడా తెలియదు, బిల్లు మీద గ్రేడు రాయించుకో. మేకులు, స్క్రూలు కూడా అదే రకం. ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర, అంటే నీటికి ఓర్చే మెరైన్ ప్లైవుడ్ అనే గుర్తు, ఉందో లేదో చూసుకో. ఇత్తడి గొలుసులకు చిలుము పట్టక తప్పదు. చింతపండుతో తోమి, తడి లేకుండా తుడిచి ఉంచమని కాపలా అతనికి నేర్పించు.

తాళం వేసి ఉంచే ఇంటికి అసలు శత్రువు చెమ్మ. అల్మరా తలుపులకు గాలి ఆడే పలకలు పెట్టించు. వాళ్లు వెళ్లేటప్పుడు పరుపులు గోడకు ఆనించకుండా నిలబెట్టి వెళ్లమని చెప్పు. వారానికోసారి ఎవరైనా వచ్చి కిటికీలు తీయాలి. ఈ ఏర్పాటు లేకపోతే నువ్వెంత బాగా చేసినా వచ్చే ఏటికి ఇల్లంతా బూజు వాసనే.

జవాబు: హైదరాబాద్, టీవీ స్టూడియోలో ఫ్లోర్ మేనేజర్

అక్కా, ముందు ఒకటి అడగండి: లైవా, రికార్డింగా? రికార్డింగ్ అయితే తేదీ మార్చమనడంలో తప్పేం లేదు. మేం ఒకే రోజు రెండు మూడు ఎపిసోడ్లు తీసి ఉంచుకుంటాం, ఒకరి బదులు ఇంకొకరిని ముందుకు జరపొచ్చు. కానీ ఈరోజే చెప్పండి. ముందురోజు చెబితే మాకు నిజంగా ఇబ్బంది. రెండోది, డబ్బేమైనా కట్టాలా అని కూడా అడగండి. కొన్ని కార్యక్రమాల్లో అతిథులు డబ్బిచ్చి సమయం కొనుక్కునేవే ఉంటాయి.

మూల మొత్తం కట్టక్కర్లేదు. చేతిలో పట్టుకుని చూపించే వస్తువు కెమెరాకు ఇంకా బాగుంటుంది. ఏటికొప్పాక నుంచి అంకుడు కర్ర ముక్క ఒకటి, సగం రంగు వేసిన పిడి ఒకటి, పూర్తయింది ఒకటి తెండి. తరిణె మీద తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకోవడం, మొగలి ఆకుతో మెరుపు తేవడం చెప్పండి. 2025 రిపబ్లిక్ డే కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక లక్క బొమ్మలదే కాబట్టి చూసేవాళ్లు వెంటనే అందుకుంటారు.

సన్నటి చారలు, చిన్న గళ్ల చీరలు వద్దు. తెర మీద అలల్లా కదులుతాయి. గాజులు తగ్గించండి, మైకులో గలగలమంటాయి. భీమిలి ఇంటిని ఫొటోల్లో చూపించాలనుకుంటే ఫోన్ అడ్డంగా పట్టుకుని తీయండి.

జవాబు: డల్లాస్

మాకు అమలాపురం దగ్గర ఇలాంటి ఇల్లే ఉంది, అందుకే రాస్తున్నాను. ఫొటోలు చూపించొచ్చా అని ఇంటివాళ్లను అడగండి. అడిగితే మురిసిపోతారు. అడక్కుండా చేసి తర్వాత తెలిస్తే జీవితంలో నమ్మరు. ఫొటోల్లో గేటు, నేమ్ ప్లేటు, వీధి కనబడనివ్వకండి. పదకొండు నెలలు ఎవరూ ఉండని ఇల్లని ఊరందరికీ తెలియడం మంచిది కాదు.

అడిగినవారు: సాగర్‌నగర్, విశాఖ

అందరికీ చేతులెత్తి దండం. ఆ సాయంత్రమే ఛానెల్‌కి ఫోన్ చేశాం. రికార్డింగే, డబ్బేం కట్టక్కర్లేదు, 17కి మార్చారు. మా ఆడపడుచు రెండు రోజులు నాతో ముభావంగా ఉంది. మూడో రోజు తనే ఏటికొప్పాక వెళ్లి సగం రంగు వేసిన పిడులు తెచ్చింది. మడతబందులు 316వి వేయించాం. చివరివి 11 రాత్రి పదింటికి బిగించారు.

నిన్న పాలు పొంగాయి. అమ్మగారు హాల్లోకి కూడా వెళ్లలేదు, తిన్నగా వరండాలోకి వచ్చి ఉయ్యాలబల్ల మీద కూర్చున్నారు. చాలాసేపు గొలుసు పట్టుకుని సముద్రం వైపు చూస్తూ ఉండిపోయారు. టీవీ సంగతి చెప్పి, ఫొటో తీసుకోవచ్చా అని మా ఆడపడుచే అడిగింది. "ఉత్త బల్ల ఎందుకమ్మా, నేను కూర్చునే ఉంటాను, తీసుకో" అన్నారు.

16 సాయంత్రం హైదరాబాద్ వెళ్లే గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి ఇద్దరికీ టికెట్లు దొరికాయి. చారల్లేని చీరలు తీసి పెట్టాం.