సమస్యాపూరణం: పుట్టగొడుగు రాబందులు చుట్టములట

ఈ వారం సమస్య తేటగీతిలో. పుట్ట–చుట్ట ప్రాసయతి (యతి అక్షరానికి బదులు దాని తర్వాతి "ట్ట" కలుస్తుంది). కొయ్య మీద పెరిగే గొడుగునే తీసుకోండి.

వనవాసి:

పడిన మ్రానును గరగించి బ్రతుకు నొకటి
పడిన పశువును దినిపోవు పక్షి యొకటి
అడవి నూడ్చెడి పని రెంటి కబ్బెఁ గాన
పుట్టగొడుగు రాబందులు చుట్టములట

గౌతమీతీరం: వనవాసి గారూ, "గరగించి" దగ్గరే ఆగిపోయాను. గొడుగుకు నోరూ పళ్లూ లేవు. దాని సన్నటి దారాలు కొయ్యలోకి పాకి, ఎంజైములు వదిలి, కొయ్యకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ లాంటి మొండి పదార్థాన్ని కూడా బయటే కరిగించేస్తాయి. "నమిలి" అని ఉంటే పద్యం దెబ్బతినేది. చుట్టరికం మాత్రం ఒప్పుకోలేను. మా కోనసీమలో కొబ్బరికి గానోడెర్మా అనే కొయ్యగొడుగు తెగులు సోకితే కాండం అడుగున ఎర్రటి జిగురు కారుతుంది. గొడుగు కంటబడేసరికి చెట్టు చేయి దాటిపోతుంది. రాబందు అలా కాదు, శవం కోసం కాచుకుంటుంది.

తోట కొబ్బరి మొదలును దొలుచు నొకటి
ఊపిరున్నంత ముట్ట దింకొకటి చూడ
తీరు వేరైన నేరీతిఁ దెలుపుఁడయ్య
పుట్టగొడుగు రాబందులు చుట్టములట!

నిర్వాహకుడు: "అట"ను పట్టుకుని సమస్యనే నిలదీశారు, నాకు ఇదే ఎక్కువ నచ్చింది. అయితే "ఊపిరున్నంత" కుదరదండీ. అక్కడ సంధి లేదు, యడాగమం వచ్చి "ఊపిరి యున్నంత" అవుతుంది, గణం చెడుతుంది. "ఉసురు పోకుండ ముట్ట దింకొకటి చూడ" అనండి, యతి కూడా నిలుస్తుంది. వనవాసి గారి పూరణలో మూడో పాదం హాయిగా నడిచింది.

పశువైద్య మిత్రుడు: రాబందులకు పట్టిన గతి ఎవరూ చెప్పలేదని రాశాను.

మందు మ్రింగిన పశువుతో మాసె నొకటి
మ్రాను లన్నియుఁ గొట్టంగ మాయు నొకటి
కష్టకాలము గలిపిన కారణమున
పుట్టగొడుగు రాబందులు చుట్టములట

మందు అంటే డైక్లోఫెనాక్. నొప్పులకు, వాపులకు పశువులకు వేసేవాళ్లం. ఆ కళేబరం తిన్న రాబందులకు కిడ్నీలు పాడై గుంపులు గుంపులుగా పోయాయి. పశువులకు వాడకుండా 2006లో నిషేధించారు. తెలంగాణలో బెజ్జూరు అడవుల పాలరాపు గుట్ట రాతి అరల్లో పొడవు ముక్కు రాబందులు గూళ్లు కట్టాయని విన్నప్పుడు ప్రాణం లేచొచ్చింది.

నిర్వాహకుడు: "మాసె", "మాయు" అని కాలం మార్చడం చక్కగా ఉంది: ఒకటి పోయింది, రెండోది పోతోంది. ఒక్క సవరణ. పచ్చని చెట్లు కొట్టడం కంటే, ఎండి పడిన మోడులను కూడా అడవిలో ఉంచకపోవడమే ఈ గొడుగులకు అసలు దెబ్బ. రెండో పాదం ఇలా మార్చి చూడండి:

మోడు లన్నియుఁ దరలింప ముగియు నొకటి