అప్‌డేట్: జర్మన్ అంకెలు తారుమారు అయ్యే సమస్య తీరింది

రెండు నెలల క్రితం అడిగాను: జర్మన్‌లో ఫోన్ నంబర్ చెబితే 34 బదులు 43 రాసేస్తున్నాను, స్పెల్లింగ్ చెబితే అక్షరాలూ తప్పుతున్నాయి అని. సలహాలు ఇచ్చిన అందరికీ థాంక్స్.

నా వినికిడే నెమ్మది అనుకుని ఆడియో స్పీడ్ తగ్గించి విన్నాను. దానివల్ల ఒరిగిందేమీ లేదు. ఫ్లాష్‌కార్డులూ అంతే, చూసి చదవడం నాకు ముందే వచ్చు.

అసలు సంగతి మా ట్యూటర్ పట్టుకున్నారు. మనం 'ముప్పై నాలుగు' అంటాం, వాళ్లు 'నాలుగూ ముప్పై' అన్నట్టు 'ఫీర్ ఉంట్ డ్రైసిష్' అంటారు. నేను 'ఫీర్' వినగానే 4 రాసేస్తున్నాను. 'ఉంట్' (అంటే 'మరియు') వినపడితే మాట పూర్తయ్యేదాకా పెన్ను కదపొద్దన్నారు. ఇక్కడ ఒకరు చెప్పిన చిట్కా, ఒకట్ల అంకెను కుడివైపు రాసి ఎడమవైపు ఖాళీ వదలడం, మొదటి వారం బాగా ఆదుకుంది. తర్వాత దాని అవసరమే రాలేదు. రోజూ ఇరవై నంబర్లు డిక్టేషన్ రాశాను, మూడు వారాలకు చెయ్యి కుదిరింది.

ఫోన్‌లో 'త్స్వో' అని వినిపిస్తే కంగారు పడకండి, అది 2. 'త్స్వై' (2), 'డ్రై' (3) ఒకేలా వినిపిస్తాయని అలా అంటారు.

అక్షరాల్లో నన్ను ముంచింది ఇంగ్లిష్ అలవాటే. జర్మన్‌లో 'ఏ' అంటే ఇంగ్లిష్ 'ఈ' (E) అక్షరం, 'ఈ' అంటే 'ఐ' (I) అక్షరం! నా పేరు నేనే పది సార్లు గట్టిగా స్పెల్ చేసుకుంటే గానీ ఇది వదల్లేదు. 'వే' (W), 'ఫౌ' (V) దగ్గర మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు తడబడుతున్నాను.